అక్క మేజోళ్ళు విప్పిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు నాకు మనుషుల ముఖాలకన్నా వాళ్ళ కాళ్ళే బాగా తెలుసు. ఇందులో వింతేమీ లేదు. లాలాగూడలో మా చర్చిలో పిల్లలందరినీ అందరికన్నా ముందు, జంపఖానా మీద కూర్చోబెట్టేవారు. తలెత్తి అటూ ఇటూ చూస్తే వెనకనుంచి ఎవరో ఒక పెద్దావిడ నెత్తిమీద ఒక మొట్టికాయ వేసేది. తల దించుకుంటే మాత్రం భక్తిగా ప్రార్థన చేస్తున్నట్టే లెక్క. అలా దించుకున్న తలతోనే నేను చర్చికొచ్చే బూట్లనూ చెప్పులనూ క్షుణ్ణంగా చూసేశాను. వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళ బూట్లకు ఆదివారం ఎంత పాలిష్ పెట్టినా కుట్లలో నల్లటి గ్రీజు అలాగే ఉండేది. అయ్యగారి ఎడమ బూటు మడమ ఎప్పుడూ లోపలివైపే అరిగేది. పాస్టరుగారిని మేం అయ్యగారనే అనేవాళ్ళం. హార్మోనియం వాయించే ఆయన ఒక చెప్పు విడిచేసి, రెండోది కాలికి ఉంచుకుని వాయించేవారు. ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

ఇన్ని కాళ్ళలో రెండు జతలు మాత్రం నా బుర్ర తినేసేవి. ఒకటి మా నాయనమ్మవి, రెండోది పక్కింటి అక్కవి.

మా నాయనమ్మ కోస్తా జిల్లానుంచి వచ్చిన మనిషి. మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. గంజిపెట్టిన తెల్లచీర, మోచేతుల దాకా జాకెట్టు, ముడిలో ఒక్క వెంట్రుక కూడా చెదరదు. ఇంత పద్ధతైన మనిషి చీర కుచ్చెళ్ళ కింద మగవాళ్ళ కాన్వాసు బూట్లు తొడిగేది! అవి మా తాతయ్య సైజు. తాతయ్య పోయాక కూడా ఆ సైజువే కొనిపించుకునేది. అంతటితో ఊరుకుందా అంటే, కొత్త జత ఇంటికి రాగానే కత్తెర తీసుకుని బొటనవేలి పక్కన గుడ్డను బెత్తెడు మేర కోసేసేది. కొత్త బూట్లను ఎవరైనా కోసుకుంటారా? అడిగితే "గాలాడొద్దటే" అని నవ్వేసేది. గాలికోసమైతే చెప్పులే వేసుకోవచ్చు కదా అని నన్ను లోపల ఒకటే తొలిచేది.

ఇంట్లో ఆవిడ కాళ్ళు రోజూ చూస్తూనే ఉండేదాన్ని. బొటనవేలు పక్కవేలి మీదికి ఒరిగిపోయి, దాని మొదట్లో ఎముక చిన్న ఉల్లిపాయంత ఉబ్బి ఉండేది. మిగతా వేళ్ళు ముడుచుకుపోయి గోళ్ళు నేలవైపు చూసేవి. అయినా నాకేమీ అనిపించలేదు. ముసలితనంలో తల నెరిసినట్టే కాళ్ళూ వంకరపోతాయి కాబోలు, దేవుడు అలాగే పెట్టాడు కాబోలు అనుకునేదాన్ని. మా ఇంట్లో అందరూ అలాగే అనుకునేవారని తర్వాత తెలిసింది.

పక్కింటి అక్క సంగతి వేరు. రైల్వే క్వార్టర్సులో మాదీ వాళ్ళదీ ఒకే గోడ. వాళ్ళ నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. అక్క పరేడ్ గ్రౌండు దగ్గర ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరింది. చేరిన నెలకే జనరల్ బజార్‌లో ఒక జత బూట్లు కొనుక్కుంది. ముందువైపు సూదిగా మొన, వెనక సన్నటి ఎత్తుమడమ. సాయంత్రం ఆమె బస్సు దిగి మా సందులోకి తిరిగిందంటే టక్ టక్‌మని చప్పుడొచ్చేది. ఆ చప్పుడు వినగానే మేం ఆడపిల్లలం కొబ్బరిచిప్పలకు తాళ్ళు కట్టుకుని, వాటిమీద ఎక్కి, అక్క వెనకాల టకటకా నడిచేవాళ్ళం. అక్క కోప్పడేది కాదు. వెనక్కి తిరిగి, "నడుం నిటారు బెట్టున్రే, గట్ల వంగి నడుస్తరా?" అని మాకే నేర్పేది.

అంత సరదా మనిషి ఎన్నడూ తన కాళ్ళు ఎవరికీ చూపించేది కాదు. ఇంట్లో కూడా తెల్ల మేజోళ్ళే. ప్రభుభోజనానికి బల్ల దగ్గరకు వెళ్ళేటప్పుడు మా చర్చిలో అందరూ చెప్పులు విడిచి వెళ్ళాలి. అక్క బూట్లు విడిచేది కానీ మేజోళ్ళతోనే మోకరించేది. సికింద్రాబాదు ఎండల్లో, నిప్పులు చెరిగే ఏప్రిల్‌లో, మేజోళ్ళు! అది ఫ్యాషనని కుర్రాళ్ళన్నారు, టెక్కని ఆడవాళ్ళన్నారు. నాకు మాత్రం ఒక్కటే కుతూహలం, ఆ మేజోళ్ళలో ఏముందో చూడాలి. ఆరువేళ్ళున్నాయేమోనని కొన్నాళ్ళు గట్టిగా నమ్మాను కూడా.

నేను గమనించిన సంగతి ఇంకొకటుంది. అక్క కోయిర్‌లో పాడేది. మా చర్చిలో అంత మంచి గొంతు లేదు. ఈస్టరు పొద్దున మొదటి పాట ఆమె ఒక్కతే ఎత్తుకునేది, మిగతావాళ్ళు తర్వాత కలిసేవారు. ఏడాదంతా ఆ ఒక్క పాట కోసమే ఎదురుచూసేది. కానీ ఆ ఏడాది మామూలు ఆదివారాల్లో ఆమె పాడుతుండగా కిందనుంచి నాకో వింత కనబడింది. ఒక కాలిమీద బరువు వేసి నిలబడేది, చరణం దాటేలోపు రెండోదానిమీదికి మారేది, చేత్తో హార్మోనియం పెట్టెను పట్టుకునేది. పై స్థాయికి వెళ్ళాల్సిన చోట గొంతు తెగిపోయేది. జలుబేమోనని పెద్దవాళ్ళు అనుకున్నారు. జలుబైతే కాళ్ళెందుకు మార్చడం?

అలా ఉండగా ఈస్టరుకు ముందుండే శ్రమదినాలు వచ్చాయి. పరిశుద్ధ గురువారం సాయంత్రం, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన జ్ఞాపకంగా, అయ్యగారు పన్నెండుమంది కాళ్ళు కడగడం మా చర్చిలో ఆనవాయితీ. ఏటా పెద్దలే కూర్చునేవారు. ఆ ఏడు యవ్వనస్థుల్ని కూర్చోబెడదామని కమిటీవాళ్ళకు బుద్ధి పుట్టింది. ఆదివారం సెక్రటరీగారు పేర్లు చదివారు. అందులో అక్క పేరుంది. నేను వెంటనే తలెత్తి చూశాను, మొట్టికాయకు సిద్ధపడే. అక్క ముఖం తెల్లగా పాలిపోయింది.

ఆ సాయంత్రమే అక్క వాళ్ళమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ మా ఇంటికొచ్చింది. "ఏం జేయాలె పెద్దమ్మా! కాళ్ళు కడిగించుకోనంటే కోనంటది. ఎందుకే అంటే నోరిప్పది. కోయిర్ మాస్టర్ సారుకు కోపమొచ్చింది. కాళ్ళు చూపించనీకి నామోషీ అయితే ఈస్టర్ నాడు పాట గూడ అక్కెర్లేదన్నడట. పొద్దటి సంది అన్నం ముట్టలె. నాకైతే జెర పరేషానే ఉంది" అని నాయనమ్మ దగ్గర వెళ్ళబోసుకుంది. నాయనమ్మ నావైపు తిరిగింది. "ఆ పిల్ల బూట్లు ఎలా ఉంటాయే?" అని నన్నడిగింది. నాకేం, కళ్ళకు కట్టినట్టు చెప్పాను. మొన ఎంత సూదిగా ఉంటుందో వేలితో గాల్లో గీసి చూపించాను. నాయనమ్మ కాసేపు నా వేలివంకే చూసి, "రేపు మధ్యాహ్నం చింతపండు గింజ తీయాలి, చేతులు చాలవు, అక్కని రమ్మను" అంది.

మర్నాడు ఏదో సెలవు. బొల్లారంలో మా చుట్టాలింటినుంచి గోనెసంచిలో చింతపండు వచ్చింది. వరండాలో షాబాదు బండలమీద సంచి కుమ్మరించి, నాయనమ్మ పీటమీద, నేను నేలమీద, అక్క గోడకు ఆనుకుని కూర్చున్నాం. అక్క హవాయి చెప్పులమీద వచ్చింది, మేజోళ్ళు మాత్రం తప్పలేదు. పండు చీల్చడం, గింజ బయటికి విసరడం, అంతే. కాసేపటికి బండలనిండా గింజలు.

ఉన్నట్టుండి నాయనమ్మ, "ఏమే, కాలివేళ్ళతో గింజని పట్టుకుని ఈ చెంబులో వెయ్యగలవటే?" అని నన్నడిగింది. ఇదేం పనని నాకు నవ్వొచ్చింది. చిన్నపిల్లని కదా, బొటనవేలు, పక్కవేలు కలిపి గింజను నొక్కి, కాలు చాపి, టప్పుమని వేసేశాను. మళ్ళీ వేశాను. కాళ్ళకు ఇంత పనితనముందని నాకు ఆ రోజే తెలిసింది. అప్పుడు నాయనమ్మ పీటమీదనుంచే తన కాలు గింజలమీద పెట్టింది. ముఖం ముడిచి, పళ్ళు బిగించి, చాలాసేపు అవస్థపడింది. బొటనవేలు ఇంచైనా జరగలేదు. వేళ్ళు కట్టెపుల్లల్లా అలాగే ఉండిపోయాయి. నేను పగలబడి నవ్వి, "ముసలిదానివైపోయావు నాయనమ్మా" అన్నాను.

"ముసలితనం కాదే పిచ్చిమొహమా. పాతికేళ్ళకే ఇవి ఇలా అయిపోయాయి" అంది నాయనమ్మ.

నా నవ్వు ఆగిపోయింది. అక్క చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. అప్పుడు నాయనమ్మ, మా నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతి, గింజలు తీస్తూనే చెప్పింది.

నాయనమ్మ పుట్టింది ఊరికి దూరంగా ఉండే పేటలో. వాళ్ళ పేటవాళ్ళెవరైనా పెద్దవీధిలోంచి వెళ్ళాలంటే కాలికి చెప్పులుండకూడదు. ఉంటే విప్పి చేత్తో పట్టుకుని నడవాలి. ఆవిడ మిషను బోర్డింగులో చదువుకోడానికి వెళ్ళింది. అక్కడ పాఠాలు చెప్పే దొరసానమ్మ ఒకావిడ తనకు అక్కర్లేని బూట్లు ఈవిడకిచ్చింది. నల్లతోలు, నిగనిగలాడే సన్నటి మొన. కాలికి బొటనవేలంత పొట్టి. అయితేనేం, వేళ్ళు ముడిచి దూర్చేసింది. సెలవులకు ఇంటికొచ్చి, ఆ బూట్లు వేసుకునే పెద్దవీధి ఈ చివరనుంచి ఆ చివరకు నడిచింది. ఒక్కరూ విప్పమనలేదు. దొరసాని బడి పిల్ల అని పక్కకు తప్పుకున్నారట కూడా.

"ఇంక ఎలా విప్పుతానే అమ్మా? అవి అరిగితే అలాంటివే మరో జత. నొప్పి పుడితే పుట్టనీ అనుకున్నా. రాత్రుళ్ళు నెత్తురు కారే వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని పడుకున్నా. బూటు నాకు పరువిచ్చింది. ఊరికే ఇవ్వలేదు, వేళ్ళు తీసుకుంది" అంది.

నాయనమ్మ గొంతులో ఏడుపు లేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ ఉల్లిపాయంత ఎముకను ఇన్నేళ్ళూ చూస్తూ కూడా ఎందుకలా ఉందని ఒక్కసారైనా అడగలేదే అనిపించింది. "మరి వద్దని నీకెవరూ చెప్పలేదా నాయనమ్మా" అన్నాను. "ఎవరికి చూపించానని చెబుతారు? మేజోళ్ళలో దాచుకున్నాగా" అంది, అక్కవైపు చూడకుండా, చేతిలో గింజవైపు చూస్తూ.

అక్క చేతిలో చింతపండు పక్కన పెట్టింది. తలదించుకుని, "నేను పొట్టిదాన్ని అమ్మమ్మా. ఆఫీసుల చేరిన మొదటి దినం చెప్పులేస్కొని పోయిన. ఎవరో సారొచ్చి నన్ను జూసి చాయ్ తెమ్మన్నడు. మిషిన్ ముంగట కూసున్నా గూడ! గా బూట్లేస్కున్న దినం సంది అందరు మేడమ్ అంటున్రు. ఎట్ల ఇడుస్త చెప్పు?" అంది. అని, ఏడుస్తూనే, మేజోళ్ళు లాగేసింది.

ఆరువేళ్ళు లేవు. ఉన్న అయిదూ ఒకదాన్నొకటి తోసుకుంటూ బూటు మొన ఆకారంలోకి వచ్చేశాయి. బొటనవేలు పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. రెండోవేలు వంగి, కణుపుమీద ఎర్రటి పుండు. చిటికెనవేలిమీద రాయిలాంటి ఆనెకాయ. పాదం ముందు భాగమంతా కాయకట్టింది, ఎత్తుమడమ ఒంటి బరువంతా అక్కడికే తోసేసింది కాబోలు. నాయనమ్మ కాళ్ళకు ఇది చిన్నప్పటి ఫోటోలా ఉంది. నేను ఒకసారి నాయనమ్మ కాళ్ళు, ఒకసారి అక్క కాళ్ళు మార్చిమార్చి చూశాను.

"నువ్వూ గింజ ఎత్తు" అంది నాయనమ్మ. అక్క ముక్కు తుడుచుకుని కాలు చాపింది. వేళ్ళు వణికాయి. గింజ జారిపోయింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ జారింది. ఎన్నోసారికో రెండువేళ్ళ సందున గింజ నిలిచింది. రెండంగుళాలు లేచి, టక్కున పడింది. చెంబులో కాదు, బయటే.

"కదిలింది!" అని నాయనమ్మ పీటమీదనుంచి లేచినంత పనిచేసింది. వంగి, అక్క బొటనవేలిని చేత్తో పట్టుకుని మెల్లగా తిన్నగా లాగింది. అది వచ్చింది. తన వేలిని లాగి చూపించింది. అది రాలేదు. "చూశావటే తేడా? నాది ఎముక బిగుసుకుపోయింది. నీది ఇంకా మాట వింటోంది. నీకు టైముంది, నాకెవరూ ఈ మాట చెప్పలేదు" అని అక్క గడ్డం పట్టుకుంది. బూట్లు మానెయ్యమని మాత్రం అనలేదు. "పరువు వదులుకోమనడానికి నేనెవర్తినే? కాలిని బూటుకి సరిపెట్టకు, బూటుని కాలికి సరిపెట్టించుకో. అది కూడా సాయంత్రం పూట కొలత ఇయ్యి, అప్పటికి కాలు ఉబ్బి ఉంటుంది" అంది. పుండుకు రైల్వే ఆస్పత్రిలో చూపించుకోమంది.

అక్క కొంచెం తేరుకుంది. "గురువారం నాడు మాత్రం నాతోని కాదు అమ్మమ్మా. అందరు చూస్తరు" అంది వెళ్తూ వెళ్తూ. నాయనమ్మ సరేనంది. సరేనన్నప్పుడు ఆవిడ ముఖంలో ఏదో ఎత్తుగడ కనిపించింది నాకు.

గురువారం సాయంత్రం చర్చిలో ముందు పన్నెండు కుర్చీలు వేశారు. నా జంపఖానా సరిగ్గా ఎదురుగా. అక్క వచ్చింది. వాళ్ళమ్మ పోరు పడలేక వచ్చింది, అవే బూట్లతో, మేజోళ్ళతో, చివరనుంచి రెండో కుర్చీలో కొయ్యబొమ్మలా కూర్చుంది. ఆఖరి కుర్చీ ఖాళీ. అందులో కూర్చోవలసిన కుర్రాడికి డ్యూటీ పడి రాలేకపోయాడు. సెక్రటరీగారు ఇంకెవరినో వెతుకుతుండగా ఆడవాళ్ళ వరసలోంచి మా నాయనమ్మ లేచి, కాన్వాసు బూట్లతో తపతపా నడిచి వచ్చి, ఆ కుర్చీలో కూర్చుంది. "ఇది యవ్వనస్థులకని అనుకున్నామమ్మా" అని ఆయన నసిగాడు. "నాకేం వయసు మళ్ళిందని!" అంది నాయనమ్మ. చర్చంతా గొల్లుమంది.

అయ్యగారు పళ్ళెమూ చెంబూ పట్టుకుని ఒక్కొక్కరి ముందూ మోకరిస్తూ వస్తున్నారు. కడిగిన కాళ్ళను తుడవడానికి తువ్వాలు పట్టుకుని కోయిర్ మాస్టరుగారు వెంట ఉన్నారు. నేను ఒక్క కాలినీ వదల్లేదు. ఎన్ని రకాలు! వర్క్‌షాపు కుర్రాడికి ఏదో పడి గోరు నల్లగా చచ్చిపోయింది. ఫుట్‌బాల్ ఆడే అన్నకు వేళ్ళమధ్య ఒరిసిపోయింది. కొత్త పెళ్ళికొడుకు పాదాలమీద బూటు పట్టీల వాతలు. పైకి ఎంతో సోగ్గా ఉండేవాళ్ళ కాళ్ళలో కూడా ఏదో ఒకటి ఉంది.

అక్క దగ్గరికొచ్చారు. అక్క కదల్లేదు. చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. కోయిర్ మాస్టరుగారి కనుబొమలు పైకి లేచాయి. "అయ్యగారూ, ముందు నావి కడగండి, నడుము నొప్పి, ఎక్కువసేపు కూర్చోలేను" అంది పక్కనుంచి నాయనమ్మ. అని, అయ్యగారు జవాబిచ్చేలోపే బూట్ల తాళ్ళు విప్పి, ఆ రెండు పాదాల్ని అందరి ఎదటా పళ్ళెంలో పెట్టేసింది. అయ్యగారు నీళ్ళు పోయబోతూ ఆగిపోయారు. ఆ వేళ్ళను అరచేతిలోకి తీసుకుని, "నొప్పిగా ఉంటుందా అమ్మా?" అని మెల్లగా అడిగారు.

"ఇప్పుడు లేదండీ. చిన్నప్పుడు ఉండేది. అప్పుడెవరూ అడగలేదు" అంది నాయనమ్మ.

నేను అక్కవైపు చూశాను. అక్క వంగి బూట్లు విప్పుతోంది. మేజోళ్ళు తీసి బూట్లలో కుక్కింది. అయ్యగారు తన ముందుకు వచ్చేసరికి తనంతట తానే పాదాలు చాపింది. కోయిర్ మాస్టరుగారు తువ్వాలుతో తుడవబోయి, ఆ పుండు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తర్వాత తువ్వాలు మెత్తటి అంచు వెతికి, ఒక్కో వేలూ అద్దారు.

ఈస్టరు పొద్దున కోయిర్ దగ్గర ఒక పేము స్టూలు వేసి ఉంది. అది కోయిర్ మాస్టరుగారే ఇంటినుంచి సైకిలుకు కట్టుకుని తెచ్చారు. అక్క దానిమీద కూర్చోలేదు. చెప్పులు పక్కన పెట్టి, రెండు పాదాలూ నేలమీద పూర్తిగా ఆనించి, చేతులు వదిలేసి నిలబడింది. పాట ఎత్తుకుంది. పై స్థాయి దగ్గర నేను ఆమె కాళ్ళవైపే చూశాను. కదల్లేదు. గొంతు మాత్రం ఎక్కడికో వెళ్ళింది. మొట్టికాయ వేసే పెద్దావిడ కూడా ఆ పూట ఏడ్చింది.

అక్క తర్వాత ముందువైపు వెడల్పుగా, మడమ కొంచెమే ఎత్తుగా, మెరూన్ రంగు బూట్లు కొలతిచ్చి కుట్టించుకుంది. ఆఫీసులో మేడమ్ అన్న పిలుపు ఎక్కడికీ పోలేదు. ఆనెకాయ తగ్గింది. బొటనవేలు పూర్తిగా తిన్నగా రాలేదు కానీ, అంతకుమించి ఒరగలేదు. సాయంత్రాలు మా వరండాలో చింతగింజలతో పందెం వేసుకునేవాళ్ళం. నాయనమ్మా మాతోపాటు కాలు చాపేది. ఒక్క గింజా లేచేది కాదు. అయినా రోజూ చాపేది.

ఇప్పుడు అక్క సైనిక్‌పురిలో ఉంటుంది. కర్ర లేకుండా నడుస్తుంది, ఈస్టరుకు ఇంకా పాడుతుంది. నా ఇంట్లో గిన్నెడు చింతగింజలుంటాయి. మొన్న మా మనవరాలు ఆఫీసునుంచి వచ్చి సూదిమొన బూట్లు సోఫా కిందకు తన్నేసి, కాళ్ళు దుపట్టాతో కప్పుకుని కూర్చుంది. వాళ్ళమ్మ అప్పటికే మొదలుపెట్టింది, పిల్లకు పొగరెక్కువైంది, ఇంటికొస్తే ఎవరితోనూ మాట్లాడదని. ఎవరైనా ఒకరికి టెక్కనో పొగరనో అంటే ఈనాటికీ నా చూపు ముందు వాళ్ళ కాళ్ళమీదికే పోతుంది. గిన్నె తెచ్చి నేలమీద కుమ్మరించి, పిల్ల పక్కన కూర్చుని, దుపట్టా కొంచెం జరిపి అడిగాను, "నొప్పిగా ఉంటుందా అమ్మా?" అని.